పథ్యం లేని మందు

తాడేపల్లిగూడెంలో ఏళ్ల తరబడి ఉల్లి వ్యాపారం చేసి ఇప్పుడు విశ్రాంతి తీసుకుంటున్న మా పెద్ద మిత్రులొకరు అమెరికాలో ఉన్న కుమారుని దగ్గర ఆరు నెలలు గడిపి వచ్చారు. పలకరించడానికి వెళ్లినప్పుడు అక్కడి రోడ్ల గురించో, భవనాల గురించో చెబుతారని అనుకున్నాము. ఆయన చెప్పింది మాత్రం అక్కడి టీవీలో వచ్చే మందుల ప్రకటనల గురించి.

“ఏం చెప్పమంటారండీ! తెర మీద భార్యాభర్తలు తోటలో నవ్వుకుంటూ నడుస్తుంటారు. మనవళ్లు బంతి ఆడుకుంటుంటారు. వెనుక నుండి ఒక గొంతు మాత్రం ఈ మందు వాడితే కాలేయం దెబ్బతినవచ్చు, పక్షవాతం రావచ్చు, ప్రాణం కూడా పోవచ్చు అని గబగబా చదువుకుంటూ పోతుంది. మందు అమ్ముతున్నారో, భయపెడుతున్నారో నాకు అర్థం కాలేదు. మా వాణ్ణి అడిగితే, ఇక్కడి చట్టం అలా చెప్పమంటుంది అబ్బా, అన్నాడు.”

ఆ మాటలు సాగుతుండగానే ముందు గదిలో టీవీ మోగుతోంది. తెల్లకోటు వేసుకున్న ఒకాయన ఒక డబ్బాను చేతిలో పట్టుకుని, షుగర్‌ను మూలం నుండి తొలగించే పొడి ఇదని చెబుతున్నాడు. చివర ఒక మాటను రెండుసార్లు నొక్కి చెప్పాడు: ఎలాంటి పథ్యం లేదు, ఎలాంటి సైడ్ ఎఫెక్ట్స్ లేవు.

“చూశారా, మనవాళ్ల మందులకు ఆ బాధే లేదు!” అని మిత్రులు నవ్వారు. మేమూ నవ్వాము. కానీ ఏలూరు బస్సు ఎక్కిన తరువాత ఆ నవ్వు మా ముఖంలో నిలవలేదు. తంగెళ్లమూడిలోని ఒక ఇల్లు గుర్తుకు వచ్చింది.

తంగెళ్లమూడిలో ఒక ఇల్లు

ఏలూరు తివాచీల పేరు వినని వారుండరు. పర్షియా నుండి వచ్చిన నేతగాళ్లు ఈ పట్టణానికి తెచ్చిన విద్య అది. ఆ మగ్గాల మీద జీవితం గడిపిన కుటుంబాలలో మేము చెప్పబోయే పెద్దాయన కుటుంబం ఒకటి. వయసు అరవై దాటింది. పదేళ్లుగా షుగర్ ఉంది. ఉదయం, సాయంత్రం మాత్రలు వేసుకుంటూ నెమ్మదిగా కాలం వెళ్లదీస్తున్నారు. ఆయన బాధ ఒక్కటే. మూడేళ్లుగా డాక్టరుగారు రమజాన్ ఉపవాసాలు వద్దంటున్నారు. రోగికి అల్లాహ్ స్వయంగా మినహాయింపు ఇచ్చాడని ఇంట్లోవారు ఎన్నిసార్లు గుర్తు చేసినా, ఇఫ్తార్ వేళ అందరితో కూర్చున్నప్పుడు ఆయన తల వంచుకునేవారు.

ఒక సంవత్సరం రమజాన్‌కు రెండు నెలల ముందు అటువంటి ప్రకటనే ఒకటి ఆయన కంట పడింది. నలభై రోజుల్లో షుగర్ పోతుందన్నారు. లెక్క వేసుకున్నారు. నెలవంక కనిపించే నాటికి నలభై రోజులు పూర్తవుతాయి. ఎవరికీ చెప్పకుండా మూడు డబ్బాలు తెప్పించుకున్నారు. మాత్రలు మానేశారు.

విషయం మొదట గమనించింది ఇంటి కోడలు. డబ్బాను తిప్పి తిప్పి చూసి, “అబ్బాజాన్, దీనిలో ఏమేం కలిపారో రాసి లేదు. తయారుచేసిన వారి చిరునామా కూడా లేదు. డాక్టరుగారిని ఒక్క మాట అడుగుదామా?” అన్నది.

“అంతమంది చూస్తుండగా టీవీలో అబద్ధం చెబుతారా బేటీ? అబద్ధమే అయితే ప్రభుత్వం ఊరుకుంటుందా?” అన్నారాయన.

ఆమె మరి మాట్లాడలేదు. మామగారి మాటకు ఎదురు చెప్పడం మర్యాద కాదనుకున్నది. ఆ సంవత్సరం ఆయన పన్నెండు ఉపవాసాలు ఉన్నారు. పదమూడవ రోజు కాలి వేలి మీద ఒక పుండు కనిపించింది. అది ఎప్పుడు అయిందో ఆయనకే తెలియదు. షుగర్ చాలాకాలం అదుపు తప్పితే పాదాలలో స్పర్శ తగ్గుతుంది, గాయం అయినా నొప్పి తెలియదు, రక్త ప్రసారం సరిగా లేక పుండు మానదు. ఆసుపత్రికి తీసుకువెళ్లేసరికి వేలు తీసివేయడం తప్ప మార్గం లేకపోయింది.

ఈ సంగతి రాయవచ్చా అని అడిగినప్పుడు ఆయన, “పేరు వద్దు. సంగతి మాత్రం తప్పకుండా రాయండి” అన్నారు. అందుకే ఈ నెల ఈ శీర్షికను ఆయన వేసిన ప్రశ్నకే కేటాయిస్తున్నాము. అబద్ధమే అయితే ప్రభుత్వం ఊరుకుంటుందా?

చట్టం ఏమంటుంది?

మన దేశంలో మందులను ప్రధానంగా 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం, 1945 నాటి నిబంధనలు నియంత్రిస్తున్నాయి. డాక్టరు చీటీ మీద మాత్రమే అమ్మవలసిన మందులను ఆ నిబంధనలలో షెడ్యూల్ హెచ్, హెచ్1, ఎక్స్ అనే జాబితాలుగా విభజించారు. కేంద్ర ప్రభుత్వ ముందస్తు అనుమతి లేకుండా ఈ జాబితాలలోని మందులను ప్రకటించకూడదు. మన మిత్రులు అమెరికాలో చూసినటువంటి ప్రకటనలు మన టీవీలో కనిపించకపోవడానికి కారణం ఇదే.

ప్రపంచం మొత్తం మీద చీటీ మందులను నేరుగా ప్రజలకు ప్రకటించుకోనిచ్చే దేశాలుగా పేరుపడినవి రెండే: అమెరికా, న్యూజిలాండ్. అమెరికాలో 1997లో నిబంధనలు సడలించిన తరువాత ఇవి టీవీని ముంచెత్తాయి. ముఖ్యమైన ప్రమాదాలను ప్రకటనలోనే నోటితో చెప్పాలి, పూర్తి వివరాలు ఎక్కడ దొరుకుతాయో చూపాలి అన్నది అక్కడి షరతు. కానీ నవ్వుతున్న ముఖాలను చూపిస్తూ హెచ్చరికలను చదివేస్తే ఎవరి చెవికి ఎక్కుతాయి? చివరకు 2023లో అక్కడి ఔషధ సంస్థ మరొక నియమం తేవలసి వచ్చింది. హెచ్చరిక అర్థమయ్యే మాటల్లో ఉండాలి, దానిని చదివే సమయంలో అక్షరాలు కూడా తెర మీద కనిపించాలి, దృష్టి మళ్లించే హంగులు ఉండకూడదు అని.

హెచ్చరిక చదివినంత మాత్రాన సరిపోదనడానికి వయాక్స్ అనే నొప్పి మాత్రయే సాక్షి. 1999లో బజారుకు వచ్చిన ఆ మందుకు అమెరికా టీవీలో విపరీతంగా ప్రచారం జరిగింది. గుండెపోటు, పక్షవాతాల ప్రమాదం పెరుగుతోందని తేలడంతో 2004 సెప్టెంబరులో కంపెనీయే దానిని ప్రపంచమంతటా ఉపసంహరించుకుంది. ఆ ఏడాది డిసెంబరులో మన ప్రభుత్వం కూడా ఆ రకం మందును నిషేధించింది. కాబట్టి చీటీ మందులను టీవీకి ఎక్కనివ్వకపోవడం మన చట్టం చేసిన మంచి పనేనని మా అభిప్రాయం.

మరి మన టీవీలో షుగర్ పొడి ఎలా వచ్చింది? దానికీ చట్టం ఉంది. 1954 నాటి ఔషధాలు, అద్భుత చికిత్సల చట్టం ప్రకారం మధుమేహం, క్యాన్సర్, గుండెజబ్బులు, రక్తపోటు, మూర్ఛ, క్షయ, పక్షవాతం, కీళ్లవాతం, స్థూలకాయం మొదలైన వ్యాధులను నయం చేస్తామని ఏ మందునైనా ప్రకటించడం నేరం. లైంగిక సామర్థ్యాన్ని పెంచుతామని ప్రకటించడమూ నేరమే. మొదటిసారి దొరికితే ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే ఏడాది వరకు జైలు. వీటికి తోడు 1994 నాటి కేబుల్ టీవీ నిబంధనలు, వస్తువుకు అద్భుత శక్తి ఉన్నదని జనం భావించేలా చేసే ప్రకటనలను కూడదంటున్నాయి.

అంటే తంగెళ్లమూడి పెద్దాయన ప్రశ్నకు జవాబు ఇది: ప్రభుత్వం చట్టం చేసి డెబ్భై ఏళ్లు దాటింది. కానీ చట్టం తనంతట తాను వచ్చి మన ఇంట్లో టీవీ కట్టేయదు. ఎవరో ఒకరు ఫిర్యాదు చేయాలి. మనం ఎవరమూ చేయడం లేదు.

ఫలితం ఎంత విచిత్రంగా ఉందో చూడండి. పరీక్షలు జరిగి, గుణదోషాలు రెండూ లెక్క తేలిన మందు టీవీకి రాదు. ఏ లెక్కా తేలని పొడి రోజూ వస్తుంది. హెచ్చరిక ఉన్న మందుకు ప్రకటన లేదు, ప్రకటన ఉన్న మందుకు హెచ్చరిక లేదు.

హమ్‌దర్ద్ కేసు

ఈ చట్టం చరిత్రలో మన ఇళ్లకు బాగా తెలిసిన ఒక పేరు ఉంది. ఇఫ్తార్ వేళ రూహ్ అఫ్జా షర్బత్ తాగని ఇల్లు అరుదు కదా! 1906లో ఢిల్లీలో హకీమ్ అబ్దుల్ మజీద్ స్థాపించిన హమ్‌దర్ద్ దవాఖానాయే 1954 చట్టాన్ని సుప్రీంకోర్టులో సవాలు చేసింది. మా మందుల గురించి చెప్పుకునే స్వేచ్ఛను, వ్యాపారం చేసుకునే హక్కును ఇది హరిస్తోందన్నది వారి వాదన. 1959 డిసెంబరులో న్యాయస్థానం తీర్పు చెప్పింది. ప్రభుత్వానికి మితిమీరిన అధికారాలిచ్చిన కొన్ని భాగాలను కొట్టివేసింది. ఆ మేరకు హమ్‌దర్ద్ వారి అభ్యంతరం న్యాయమైనదే. కానీ మూల సూత్రాన్ని నిలబెట్టింది. సరుకు అమ్ముకోవడానికి చేసే ఇటువంటి ప్రకటన భావ ప్రకటనా స్వేచ్ఛ కిందికి రాదని, ప్రజలు ప్రకటనలు చూసి సొంత వైద్యం చేసుకుని చెడిపోకుండా కాపాడడమే ఈ చట్టం ఉద్దేశమని చెప్పింది.

అరవై ఏళ్ల తరువాత అదే సూత్రం మళ్లీ ముందుకు వచ్చింది. వ్యాధులు నయం చేస్తామన్న ప్రకటనల విషయంలో ఇచ్చిన హామీని తప్పినందుకు 2024లో పతంజలి సంస్థ మీద సుప్రీంకోర్టు కోర్టు ధిక్కరణ చర్యకు దిగింది. ఆ సంస్థ పత్రికలలో క్షమాపణలు అచ్చు వేయించుకోవలసి వచ్చింది. ఆగస్టులో ఆ క్షమాపణను అంగీకరించి కోర్టు ధిక్కరణ చర్యను ముగించింది. ఆయుర్వేదమా, యునానీయా, అల్లోపతీయా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఏ వైద్యమైనా చెప్పవలసింది దాచి, లేనిది చెప్పి అమ్మకూడదు. అంతే.

‘ప్రకృతి సిద్ధం కాబట్టి హాని లేదు’ అన్న మాట కూడా అంత నిజం కాదు. 2004లో వెలువడిన ఒక అధ్యయనం కోసం అమెరికాలోని బోస్టన్ ప్రాంతంలో దుకాణాలలో అమ్ముతున్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షించగా 14 వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటైనా బయటపడింది. సీసం అన్న మాట ఏలూరు వారికి కొత్త కాదు. 2020 డిసెంబరులో మన పట్టణంలో వందలాది మంది ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోయినప్పుడు రక్త నమూనాలలో అది కనిపించిందని ఎయిమ్స్ నిపుణులు చెప్పడం మనం మరిచిపోలేదు. మరికొన్ని నొప్పి పొడులలో గుట్టుగా స్టెరాయిడ్ కలుపుతారు. రెండు రోజుల్లో నొప్పి మాయమవుతుంది. తరువాత ముఖం ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది, ఎముకలు పెళుసవుతాయి. ఒక్కసారిగా మానితే ప్రాణానికే ముప్పు.

తడిసిన ధాన్యం

హజ్రత్ అబూ హురైరా (రజి) తెలిపిన ఒక హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. దైవప్రవక్త (స) ఒకనాడు అంగడిలో వెళుతూ ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టారు. పైన పొడిగా ఉన్న ధాన్యం లోపల తడిగా తగిలింది. ఇదేమిటని అడిగితే, వానకు తడిసిందని అమ్మకందారు చెప్పాడు. జనానికి కనబడేలా ఆ తడిసిన భాగాన్ని పైన పెట్టకూడదా అని ఆయన (స) మందలించారు. మోసగించే వారితో తమకు సంబంధం లేదని కూడా హెచ్చరించారు.

ఆ వర్తకుడు ధాన్యంలో రాళ్లు కలపలేదు. తూకంలో తగ్గించలేదు. అబద్ధం కూడా ఆడలేదు. ఉన్న లోపాన్ని కింద పెట్టాడు, అంతే. అది చాలింది, మోసం అనిపించుకోవడానికి. మందుకు ఉన్న దుష్ప్రభావం ఆ తడిసిన ధాన్యం వంటిది. దానిని రాశి పైన పెట్టి చూపడం కొనేవాడికి అమ్మేవాడు పడిన బాకీ. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడన్న హదీసు కూడా మనకు ఉంది. ఇక ఇటువంటి ప్రకటనలలో కనిపించే నటులు, వాటిని ప్రసారం చేసే చానెళ్లు, అచ్చు వేసే పత్రికలు తడిసిన ధాన్యం మీద పొడి ధాన్యం పరిచే చేతులే అవుతాయి. పత్రికలో రాసే మేమూ ఈ లెక్కకు అతీతులం కాము. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కూడా తప్పుదారి పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయవచ్చని, అందులో కనిపించిన ప్రముఖులను కొంతకాలం ప్రకటనలకు దూరంగా ఉంచవచ్చని చెబుతోంది.

పథ్యం మన మాటే

హెచ్చరిక అన్నది అమెరికా నుండి వచ్చిన అలవాటు కాదు. మన నానమ్మలు కషాయం ఇచ్చినా, హకీమ్‌గారు మాజూన్ ఇచ్చినా దానితో పాటు పథ్యం చెప్పేవారు. ఏది తినకూడదు, ఎన్ని రోజులు వాడాలి, ఏ లక్షణం కనబడితే మానేయాలి అన్నది మందులో భాగమే. మందు వికటించింది అన్న మాట మన భాషలో ఎప్పటి నుండో ఉంది. మేలు చేయగల శక్తి ఉన్న దేనికైనా హద్దు తప్పితే కీడు చేసే శక్తి కూడా ఉంటుందని మన పెద్దలకు తెలుసు. పథ్యం లేని మందు అంటే, ఒకటి అది మందు కాకపోవాలి, లేదా పథ్యాన్ని మన నుండి దాచి ఉండాలి.

కొల్లేటి ప్రాంతానికి వెళ్లి చూడండి. కైకలూరు, ఆకివీడు దారుల్లో చేపల చెరువుల మధ్య మందుల దుకాణాల బోర్డులు వరుసగా కనిపిస్తాయి. అవి చేపలకు, రొయ్యలకు వాడే మందులు. చెరువు రైతు వాటిని ఊరికే కొనడు. నీటిని పరీక్ష చేయిస్తాడు. ఎకరానికి ఎంత మోతాదు, పట్టుబడికి ఎన్ని రోజుల ముందు ఆపాలి అని అడుగుతాడు. నిషేధించిన యాంటీబయాటిక్ అవశేషాలు దొరికితే విదేశాల వారు సరుకు వెనక్కి పంపుతారని అతనికి తెలుసు. ఆ రైతే ఇంటికి వెళ్లి భార్య మోకాళ్ల నొప్పికి టీవీలో చూసిన పొడిని ఏ ప్రశ్నా లేకుండా తెప్పిస్తాడు. లంక గ్రామాల నుండి ఏలూరు ఆసుపత్రికి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది, టీవీ మాత్రం ఇంట్లోనే ఉంటుంది. వారి ఇబ్బంది మాకు తెలుసు. అయినా చెరువు కోసం అడిగే ప్రశ్నను మనిషి కోసం అడగకపోవడం న్యాయమా?

ఇంట్లో మనం చేయగలిగినది

మాత్రల అట్ట మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ మీద మాత్రమే వాడవలసిన మందు. పక్కింటివారికి పనిచేసిందని మనం వాడకూడదు, మందుల షాపువారు చీటీ లేకుండా ఇచ్చినా తీసుకోకూడదు. మామూలు నొప్పి మాత్రలు కూడా ఎక్కువ కాలం వాడితే కడుపులో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. కొన్ని షుగర్ మాత్రలు వేసుకుని భోజనం మానితే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. రమజాన్‌కు నెల రెండు నెలల ముందే డాక్టరును కలవమనడం ఇందుకే. ఎవరు ఉపవాసం ఉండవచ్చో, ఎవరు ఉండకూడదో, మోతాదు ఎలా మార్చాలో వారు చెబుతారు.

డాక్టరు చీటీ రాసి ఇచ్చినప్పుడు లేచి వచ్చేయకుండా నాలుగు మాటలు అడగండి. ఇది దేనికి? ఎన్నాళ్లు? ఏ ఇబ్బంది కనబడితే మానేయాలి? నేను వాడుతున్న ఇతర మందులతో పడుతుందా? యునానీ, ఆయుర్వేద మందులు వాడుతుంటే ఆ సంగతి దాచవద్దు. విసుగు లేకుండా జవాబు చెప్పడం వైద్యుని ధర్మం, మొహమాటం లేకుండా అడగడం రోగి హక్కు.

ఏ మందైనా వికటిస్తే డాక్టరుకు చెప్పడంతో పాటు భారత ఔషధ నిఘా కార్యక్రమం వారి ఉచిత ఫోను 1800-180-3024కు తెలియజేయవచ్చు. చదువుకున్న వారే కానక్కరలేదు, రోగి ఇంటివారెవరైనా చెప్పవచ్చు. తప్పుడు ప్రకటన చూస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. చానెల్ పేరు, తేదీ, సమయం రాసి పెట్టుకుంటే చాలు. తప్పును చూసి మౌనంగా ఉండకపోవడం విశ్వాసి లక్షణం. అది నేడు ఒక ఫోను కాల్ అంత సులభం.

చివరగా ఒక మాట. తంగెళ్లమూడి ఇంట్లో ఆ కోడలు డబ్బాను తిప్పి చూసింది, సరైన ప్రశ్న అడిగింది. కానీ మర్యాద కోసం ఆగిపోయింది. ఇప్పుడు ఆ ఇంట్లో ఏ మందు వచ్చినా ముందు ఆమె చేతికే ఇస్తున్నారు. ఆమె చదివి చెప్పిన తరువాతే పెద్దాయన వేసుకుంటున్నారు. నిరుడు రమజాన్‌లో ఆయన ఉపవాసం ఉండలేదు. ప్రతి రోజుకూ ఒక పేదకు అన్నం పెట్టే ఫిద్యా చెల్లించారు. ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ దగ్గర ఖర్జూరాలు పంచే పని తానే తీసుకున్నారు. తల వంచుకోలేదని ఆ ఇంటివారు మాతో చెప్పారు.

మన ఇళ్లలోనూ అలా డబ్బాను తిప్పి చూసే కోడళ్లు, కూతుళ్లు, కొడుకులు ఉన్నారు. పెద్దలు వారి మాట వినాలి. పిల్లలు మర్యాదతోనే అయినా తప్పకుండా చెప్పాలి. ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందు సృష్టించాడన్నది మన విశ్వాసం. ఆ మందును వెతికే దారిలో మోసపోకుండా మనల్ని, మన ఇంటి పెద్దలను కాపాడుగాక! ఆమీన్.